వసంతకాలపు తెల్లవారుజాము పక్షి వీక్షణ నడకలు: ఎలా నడిపించాలి? కూత వినిపించి పిట్టను పిలవవచ్చా?

చెరువుగట్టు (హనుమకొండ)

సభ్యులందరికీ నమస్కారం. శివరాత్రి తరువాతి ఆదివారం మొదలుకొని ఉగాది దాటే వరకు ప్రతి ఆదివారం తెల్లవారుజామున వడ్డేపల్లి చెరువు కట్టపై పక్షి వీక్షణ నడకలు జరపాలని మా కాలనీ సంఘం నిర్ణయించింది. ఆఖరి నడకను పాకాల అడవిలో పెట్టుకోవాలని మా కోరిక. వచ్చేవారిలో చాలామంది కొత్తవారే. కాకి, గోరింక, చిలుక, కొంగ తప్ప మరో పిట్టను పేరు పెట్టి చెప్పలేనివారు, కొందరు పిల్లలు, ఇద్దరు ముగ్గురు విశ్రాంత ఉద్యోగులు ఉంటారు.

సరిగ్గా ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఒక మార్గదర్శి వెంట ఎంతమంది వరకు వెళ్ళవచ్చు అన్నవి నా మొదటి సందేహాలు. వాటికన్నా పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. మాకు దారి చూపడానికి ఒప్పుకున్న యువకుడు చిన్న స్పీకరు తెచ్చి, పిట్టల కూతలు వినిపించి వాటిని ఆకుల చాటు నుండి బయటకు రప్పిస్తానని అంటున్నాడు. కొత్తవారికి పిట్ట కనబడకపోతే మరుసటి వారం రారని అతని వాదన. అది గూళ్ళు కట్టుకునే కాలం కనుక నాకు మనసు ఒప్పడం లేదు. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పగలరు.

పాత దుర్భిణి (సంగారెడ్డి)

చెరువుగట్టు గారూ, గడియారాన్ని కాక సూర్యోదయాన్ని పట్టుకొని సమయం నిర్ణయించండి. మన ప్రాంతంలో ఫిబ్రవరి నడుమ సూర్యుడు సుమారు 6.40కి ఉదయిస్తే, మార్చి నడిమికి 6.25కి, ఏప్రిల్ నడిమికి దాదాపు 6 గంటలకు ఉదయిస్తాడు. అందరూ సూర్యోదయానికి అరగంట ముందే కట్ట మీద ఉండాలి. ఆ అరగంటలో చూడటానికి వెలుతురు చాలదు, కానీ వినడానికి అంతకన్నా మంచి వేళ లేదు. గాలి నిలిచి ఉంటుంది, రోడ్డు మీద వాహనాల రొద ఇంకా మొదలై ఉండదు. చలికి పురుగులు కదలవు కనుక మేతకు పోయి లాభం లేదు. తన హద్దును చాటుకోవడానికి మగపిట్ట ఆ సమయాన్ని వాడుకుంటుంది. పెద్ద నల్లంచి పాట వినాలంటే సూర్యుడు పైకి రాకముందే వెళ్ళాలి. మార్చిలో ఎనిమిదిన్నరకు, ఏప్రిల్‌లో ఎనిమిదికి ముగించండి. ఆపైన ఎండ మనకూ బాధే, పిట్టలూ నీడకు చేరతాయి.

ఒక మార్గదర్శికి పది పన్నెండు మంది మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే వరుస చివర ఉన్నవారికి మాట వినబడదు. వారు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడతారు, ఆ మాటలకు పిట్ట ఎగిరిపోతుంది. వరుస వెనుక మరో తెలిసిన మనిషి నడవాలి. మాట్లాడేవారిని ఆపడం అతని పని కాదు, వారికి చూపడానికి ఏదో ఒకటి వెతికి పెట్టడం అతని పని.

చెప్పక తప్పని సంగతి మరొకటి ఉంది. వీలైతే చెరువుకు తూర్పు గట్టున నడవండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండి, నీటి మీది పిట్టల రంగులు స్పష్టంగా తెలుస్తాయి. పడమటి గట్టున నిలబడితే ప్రతి బాతూ నల్లటి మచ్చగానే కనబడుతుంది, కొత్తవారు ఉసూరుమంటారు. బయటి నుండి వచ్చే మార్గదర్శులు ఈ చిన్న విషయాన్ని తరచుగా మరచిపోతుంటారు.

ఇక ఈ కాలపు విశేషానికి వస్తే, మన వైపు వసంతమంటే ఆకులు రాలిన కాలం కూడా. ఒక్క ఆకు లేని మోదుగ, బూరుగ చెట్లు పూలతో నిండిపోయి ఉంటాయి. చెట్టు చెట్టూ తిరగకుండా, పూసిన ఒక్క బూరుగ కింద అరగంట నిలబడితే చాలు. తేనె కోసం గోరింకలు, పికిలి పిట్టలు, ఏట్రింతలు, చిలుకలు, తేనె పిట్టలు, గుంపులుగా గులాబీ గోరింకలు వస్తాయి. గులాబీ గోరింకలు మధ్య ఆసియా వైపు నుండి వచ్చిన అతిథులు, ఏప్రిల్ చివరికల్లా వెళ్ళిపోతాయి. ఊదా తేనె పిట్టను తప్పక చూపించండి. చలికాలంలో మగది పసుపు పొట్టతో, గొంతు మీదుగా ఒక ముదురు గీతతో ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈకలు మారి నిగనిగలాడే నీలి నలుపు అవుతుంది. సగం మారిన పిట్టను ఒక ఆదివారం చూసి, పూర్తిగా మారిన పిట్టను మరో ఆదివారం చూసిన పిల్లవాడు మళ్ళీ రాకుండా ఉండడు. అతనికి స్పీకరు అవసరం లేదు.

మర్రినీడ (విశాఖపట్నం)

నేను కంబాలకొండ వైపు జరిగే నడకలకు వెళుతుంటాను. పై సూచనలన్నీ బాగున్నాయి కానీ, వీటిని చెప్పేవారు సాధారణంగా పురుషులే కావడం వల్ల ఒక విషయం మిగిలిపోతుంది. చీకటి ఉండగా నిర్మానుష్యమైన చెరువు కట్టకు ఒక స్త్రీ ఒంటరిగా వెళ్ళలేదు. మార్గదర్శి ఉన్న నడక వల్ల మాకు కలిగే మొదటి మేలు పిట్టల పేర్లు తెలియడం కాదు, ఆ వేళలో ఆ చోట నిలబడగలగడం. కనుక కలుసుకునే చోటు కట్ట మీద కాకుండా దీపాలున్న బస్టాపు వద్దనో, గుడి వద్దనో పెట్టండి. అక్కడి నుండి అందరూ కలిసి నడవండి. దారిలో మరుగుదొడ్డి ఎక్కడ ఉందో ముందే చెప్పండి. ఈ ఒక్క కారణంతోనే మా పరిచయస్తుల్లో కొందరు రెండవసారి రావడం మానుకున్నారు.

అత్తరు, సెంటు వద్దని కూడా చెప్పండి. పూసిన బూరుగ, మర్రి చెట్లకు పెద్ద తేనెపట్లు ఉంటాయి, ఘాటైన వాసనలకు తేనెటీగలు రేగవచ్చు.

అడవిదారి (మదనపల్లె)

నేను వృత్తిరీత్యా మార్గదర్శిని. ఫోటోలు తీసేవారిని, దూర ప్రాంతాల నుండి వచ్చే వీక్షకులను హార్స్‌లీ కొండ వైపు, చుట్టుపక్కల రాతిగుట్టలకు తీసుకువెళుతుంటాను. స్పీకరు మాట ఎత్తగానే మహాపాపం అన్నట్లు మాట్లాడటం ఈ మధ్య అలవాటైపోయింది కనుక, ఆ పక్షాన నాలుగు మాటలు చెప్పవలసి వస్తోంది.

కూత రెండుసార్లు, అర నిమిషం పాటు వినిపిస్తే పిట్ట కొమ్మ మీదకు వచ్చి చూస్తుంది, మా వారు చూస్తారు, మేము వెళ్ళిపోతాం. కూత వినిపించకపోతే జరిగేది ఏమిటి? అదే పన్నెండు మంది ఆ పొద చుట్టూ ముప్పావు గంట తిరుగుతారు, గడ్డి తొక్కుతారు, కొమ్మలు వంచుతారు, ఒకరు పొదలోకి తల దూర్చుతారు. పిట్టకు ఏది ఎక్కువ ఇబ్బందో నిష్పాక్షికంగా ఆలోచించండి. పైగా ఈ పని మీద బతికే మావంటివారికి వచ్చినవారు సంతోషంగా వెళ్ళడం ముఖ్యం. వారు ఇచ్చే డబ్బు ఊళ్ళో నిలుస్తుంది కనుకనే ఆ గుట్టను క్వారీకి ఇవ్వడంకన్నా పిట్టలకు వదలడం లాభమని ఊరివారు అనుకుంటారు.

పాత దుర్భిణి (సంగారెడ్డి)

అడవిదారి గారూ, మీ మాటలోని చివరి భాగాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. జీవనోపాధి లేనిచోట సంరక్షణ నిలవదు. కానీ మొదటి భాగంలో ఒక లెక్క తప్పింది. మీరు అర నిమిషం వినిపించి వెళ్ళిపోతారు, నిజమే. అదే గుట్టకు అదే ఉదయం మీ వెనుక మరొకరు, వారి వెనుక ఇంకొకరు వస్తారు. పిట్ట లెక్కలో అవి వేరువేరు అర నిమిషాలు కావు, తన హద్దులోకి పదేపదే చొరబడి ఎంతకీ కంటపడని ఒకే శత్రువు. వసంతంలో మగపిట్ట ఆ శత్రువును వెతుకుతూ తిరిగినంత సేపు మేత మానుకుంటుంది, జోడును, గూటిని వదిలి వస్తుంది. చలికాలంలో వలస వచ్చిన పిట్టకు అదే కూత వినిపిస్తే ఇంత నష్టం ఉండకపోవచ్చు. మీరు చెప్పేది ఏడాది పొడుగునా తప్పని నేను అనను, ఈ మూడు నాలుగు నెలలు తప్పని అంటాను.

ఇక పొదలోకి తల దూర్చే మనిషిని ఆపవలసింది మార్గదర్శే. అతన్ని ఆపలేకనే స్పీకరు పెట్టవలసి వస్తోందంటే లోపం పిట్టలో లేదు.

రాతిగుట్ట (తిరుపతి)

హార్స్‌లీ కొండ ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. అక్కడికీ, రిషి వ్యాలీకీ బయటివారు వచ్చేది ముఖ్యంగా పసుపు గొంతు పికిలి పిట్ట కోసం. దక్షిణ భారతదేశపు రాతిగుట్టలు, వాటి పొదలు తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది. ముప్పున్న జాతుల పట్టికలో ఉంది. క్వారీల వల్ల ఇప్పటికే దాని నివాసం తరిగిపోతోంది. అందరికీ తెలిసిన నాలుగైదు చోట్లనే అందరూ కూత వినిపిస్తే ఆ నాలుగైదు జంటల మీదే భారమంతా పడుతుంది. కాలనీ చెరువు మీది మామూలు పికిలి పిట్టకూ దీనికీ ఒకే నియమం పెట్టడం కుదరదు. అరుదైనదాని విషయంలో చలికాలంలో కూడా వద్దనే నా అభిప్రాయం.

కలివి కోడి సంగతి సభ్యులకు తెలిసే ఉంటుంది. చాలా కాలం పాటు అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. దాన్ని చూపించగలిగింది ఆ పొదలను, ఆ రాత్రులను ఎరిగిన స్థానికుడైన ఐతన్న. మార్గదర్శి విలువ ఆ ఎరుకలో ఉంది, చేతిలోని పరికరంలో లేదు.

కీబోర్డు కోయిల (హైదరాబాద్)

అందరూ పెద్దలు, క్షమించాలి. ఇప్పుడు ఫోనులో మెర్లిన్ వంటి యాప్‌లు ఉన్నాయి. చెట్టు కింద నిలబడి నొక్కితే చుట్టూ కూస్తున్న పిట్టలన్నిటి పేర్లూ తెర మీదకు వస్తాయి. పేరు చెప్పడానికి అది వింటే చాలు, కూత వినిపించవలసిన పనే లేదు. ఇక మార్గదర్శి అవసరం ఎందుకో నాకు నిజంగా అర్థం కావడం లేదు. నేను కేబీఆర్ పార్కులో ఉదయం నడకకు వెళ్ళినప్పుడు అలాగే నేర్చుకుంటున్నాను.

రాతిగుట్ట (తిరుపతి)

మంచి సాధనమే, నేనూ వాడతాను. అయితే ఏట్రింత జాలె డేగలా అరవగలదు. ఆ అరుపుకు గోరింకలు బెదిరి వదిలేసిన మేతను అది ఎత్తుకుపోతుంది. ఫోను "జాలె డేగ" అని చూపిస్తుంది, మీరు ఆకాశంలో వెతుకుతూ ఉంటారు. పక్కన తెలిసిన మనిషి ఉంటే తీగ మీద కూర్చున్న నల్లని దొంగను చూపి, మొత్తం నాటకాన్ని వివరిస్తాడు. ఫోను చెప్పిన పేరును కంటితో నిర్ధారించుకోకుండా జాబితాలో రాయవద్దని మాత్రం మనవి.

పాత దుర్భిణి (సంగారెడ్డి)

దీనికి మరో ఉదాహరణ కంసాలి పిట్ట. రాగి రేకు మీద సుత్తితో కొట్టినట్లు ఒకే స్వరంతో గంటల తరబడి కూస్తుంది. కూస్తూనే తలను అటూ ఇటూ తిప్పుతుంది కనుక శబ్దం ఒకసారి ఈ చెట్టు నుండి, ఇంకోసారి ఆ చెట్టు నుండి వస్తున్నట్లు తోస్తుంది. కొత్తవారిని ఒకచోట నిలబెట్టి, కళ్ళు మూసుకొని శబ్దం వచ్చిన వైపు చేయి చాపమనండి. పన్నెండు చేతులు పన్నెండు వైపులకు పోతాయి. ఆ తరువాత ఎండిన కొమ్మ చివర, పిచ్చుకకన్నా కాస్త పెద్దగా, నుదుటిపై ఎర్రబొట్టుతో ఉన్న ఆకుపచ్చ పిట్టను చూపండి. ఫోను పేరు చెప్పగలదు గానీ ఈ పని చేయలేదు.

కోయిల విషయం కూడా చెప్పాలి. "కుహూ" అని పాడేది నల్లని మగది. గోధుమ రంగు మీద తెల్లని చుక్కలున్న ఆడది పాడదు, కీచుగా అరుస్తుంది. ఉగాది కవి సమ్మేళనాల్లో దీన్ని తలకిందులు చేసే కవులు ఇంకా ఉన్నారు.

నల్లరేగడి (గుంటూరు)

నడక అనే మాటనే ఎందుకు పట్టుకుంటారు? మా ఉప్పలపాడు చెరువు వద్ద నడవవలసిన పని లేదు. గట్టున ఒకచోట కూర్చుంటే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళలో పిల్లలకు మేత పెట్టడం గంటల తరబడి చూడవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇదే మేలు. వడ్డేపల్లిలో కూడా పెద్దవారిని ఒక మంచి చోట కుర్చీలు వేసి కూర్చోబెట్టి, నడిచేవారు వెళ్ళి వచ్చి కలుసుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. తరచుగా కూర్చున్నవారి జాబితానే పొడుగ్గా ఉంటుంది.

దూరతీరం (న్యూజెర్సీ)

ఇక్కడి నుండి ఒక పోలిక. మాకు వసంతమంటే పిట్టలు తిరిగి వచ్చే కాలం. ఏప్రిల్ చివర నుండి మే నెల నడుమ వరకు, దక్షిణాన చలికాలం గడిపిన చిన్న చిన్న రంగురంగుల పురుగుమేత పిట్టలు రాత్రంతా ఎగిరి, తెల్లవారుజామున కనబడిన పచ్చదనంలో దిగుతాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో రాంబుల్ అనే చెట్ల గుబురు అందుకే ప్రసిద్ధం. చుట్టూ కాంక్రీటే కనుక అవన్నీ అక్కడే చేరతాయి. అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా మార్గదర్శి నడకలు జరిపిన స్టార్ సఫైర్ అనే ఆమె 2013లో మరణించారు. ఆమె వెంట నడిచి నేర్చుకున్నవారిలో కొందరు ఇప్పుడు ఇతరులకు దారి చూపుతున్నారు.

మన ఊళ్ళో అదే కాలం వీడ్కోలు కాలం కదా. తల మీద రెండు నల్లని పట్టీలుండే బాతులు మార్చికల్లా చెరువులు వదిలి హిమాలయాల మీదుగా టిబెట్ వైపు వెళ్ళిపోతాయి. కనుక చెరువుగట్టు గారు నీటి పిట్టల నడకలను ముందు వారాల్లోనూ, చెట్ల పిట్టల నడకలను తరువాతి వారాల్లోనూ పెట్టుకుంటే బాగుంటుందని నాకు తోస్తోంది.

చెరువుగట్టు (హనుమకొండ)

ఇన్ని విలువైన సూచనలకు కృతజ్ఞతలు. దూరతీరం గారి సలహా ప్రకారం మొదటి ఆదివారాలు చెరువుకు, చివరివి పాకాలకు కేటాయిస్తున్నాం. పాకాల అభయారణ్యం కనుక అటవీ శాఖ అధికారులను కలిసి ముందుగా అనుమతి తీసుకుంటాం. కలుసుకునే చోటును దీపాలున్న కూడలికి మార్చాం. నల్లరేగడి గారి కుర్చీల ఆలోచన మా విశ్రాంత ఉద్యోగులకు ఎంతో నచ్చింది.

స్పీకరు విషయంలో మా యువకుడితో మాట్లాడాను. శనివారం సాయంత్రం సంఘం గదిలో అందరినీ కూర్చోబెట్టి, మరునాడు వినబడగల ఏడెనిమిది కూతలను అక్కడే వినిపిస్తాడు. చెరువు మీద మాత్రం స్పీకరు ఉండదు. అతను మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కానీ, ముందురోజు విన్న కూతను మరునాడు గుర్తుపట్టినవారికి కలిగే ఆనందం మాట చెప్పేసరికి ఒప్పుకున్నాడు.

ఇంకో రెండు ప్రశ్నలు. కొత్తవారికి ఎలాంటి దుర్భిణి కొనమని చెప్పాలి? కట్ట మీద కంకరలో తీతువు గుడ్లు పెడుతుందని విన్నాను. గుంపుగా నడిచేటప్పుడు ఏమి జాగ్రత్త తీసుకోవాలి?

అడవిదారి (మదనపల్లె)

శనివారం సాయంత్రపు ఏర్పాటు మంచి ఆలోచన. నా వద్దకు వచ్చేవారికి కూడా రాత్రి భోజనాల ముందు అలా చేసి చూస్తాను. అయితే ఒక్క ఉదయమే చేతిలో ఉన్న దూరప్రాంతపు వీక్షకుడి విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదని కూడా చెప్పాలి. అరుదైన పిట్టల విషయంలో, గూళ్ళ కాలంలో వద్దన్నంత వరకు రాతిగుట్ట గారితో ఏకీభవిస్తున్నాను.

దుర్భిణి సంగతి నాకు వదలండి. 8x42 అని రాసి ఉన్నది తీసుకోమనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతుంది, రెండవది ముందు అద్దపు వ్యాసం మిల్లీమీటర్లలో. అద్దం ఎంత పెద్దదైతే మసక వెలుతురులో అంత స్పష్టత. జేబులో పట్టే 10x25 చవక, తేలిక అని కొంటారు. తెల్లవారుజామున దానిలో చీకటి తప్ప ఏమీ కనబడదు, పదిరెట్లకు చేయి వణుకు కూడా పదిరెట్లవుతుంది. నలుగురికి ఒకటి ఉన్నా మొదటి నెలకు సరిపోతుంది.

పాత దుర్భిణి (సంగారెడ్డి)

తీతువు మార్చి నుండే గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు, గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు ఉంటాయి. మచ్చల వల్ల రాళ్ళకూ వాటికీ తేడా తెలియదు. పిట్టే మీకు చెబుతుంది. మీరు దగ్గర పడేకొద్దీ అది తల మీదికి దూసుకువచ్చి గోల చేస్తుంది. అప్పుడు గుడ్లు వెతకవద్దు. వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి తిరిగి, కట్టకు రెండవ పక్క నుండి వెళ్ళండి. ఎండ వేళ గుడ్ల మీద నీడ పట్టవలసిన పిట్ట మన వల్ల లేచి ఉన్న ప్రతి నిమిషం గుడ్లకు వేడి తగులుతుంది. గూటి ఫోటోలు వద్దు, వాట్సప్ బృందంలో గూడు ఉన్న చోటు చెప్పడం అసలే వద్దు. పక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట కిందికే వస్తుందని మొదటి రోజే అందరికీ చెప్పండి.

ప్రతి నడక జాబితాను, వీక్షకులు తాము చూసిన పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో చేర్చడం కూడా అలవాటు చేయండి. బయలుదేరిన సమయం, నడిచిన దూరం, పట్టిన సమయం, ఎంతమంది చూశారో రాస్తేనే అది పనికివచ్చే లెక్క అవుతుంది. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ హైదరాబాద్ రాజ్యమంతటా పక్షుల సర్వే చేశారు కనుక ఆనాడు ఏమి ఉండేవో మనకు తెలుసు. ఈనాటి మీ చెరువు సంగతి మీరు రాయకపోతే తెలియజెప్పేవారు లేరు. గోరింకలు ఎన్ని, కాకులు ఎన్ని అన్నది కూడా రాయండి. మామూలు పిట్టలను లెక్కపెట్టడం చిన్నతనం అనుకొని వదిలేస్తారు.

మర్రినీడ (విశాఖపట్నం)

జాబితా రాసే పనిని పిల్లలకు ఇవ్వండి. వారు పాలపిట్టను కూడా వదలరు. మార్చిలో అది నిట్టనిలువుగా పైకి వెళ్ళి, బొంగురుగా అరుస్తూ పల్టీలు కొట్టుకుంటూ దిగే విన్యాసాన్ని ముందు వారే చూస్తారు.

చెరువుగట్టు (హనుమకొండ)

అలాగే చేస్తాం. మొదటి నడక జాబితాను ఆదివారం సాయంత్రం ఇక్కడే పెడతాను. పేర్లలో తప్పులుంటే సరిచేయగలరు.